విశాఖలో ఒక రోజు, విజయనగరంలో ఒక పూట

కోతలు ముగిసి, కళ్ళం పనులు తీరి, క్రొత్త ధాన్యంలో ప్రభువు పాలు మందిరానికి చేరిన తరువాత మా ప్రాంతపు సంఘాలలో ప్రతి ఏటా ఒక మాట లేస్తుంది. "అయ్యగారూ, ఈ ఏడు ఎక్కడికైనా వెళ్దామా?" ఎక్కడికైనా అంటే మరెక్కడికో కాదు, విశాఖపట్నమే. బొబ్బిలి వైపు పల్లెలవారికి విశాఖపట్నం చూడటమంటే సముద్రం చూడటం, కైలాసగిరి మీద బొమ్మ రైలు ఎక్కటం, జంతు ప్రదర్శనశాలలో పులిని చూసి పిల్లలకు ఐస్‌క్రీము కొనిపెట్టడం. రాత్రికి తిరిగివచ్చి రెండు రోజులు కాళ్ళు నొప్పులనుకోవడం. అందులో తప్పేమీ లేదు. మేమూ అలా నాలుగైదుసార్లు వెళ్ళినవారమే.

అయితే మా సంఘంలో ఇప్పుడు పరిస్థితి వేరు. ఇంటికొక కుర్రవాడు విశాఖలో పనికి ఉన్నాడు. ఐ.టి.ఐ. చదివి వెల్డరుగానో, ఫిట్టరుగానో, ఏదీ కాకపోతే కాంట్రాక్టరు దగ్గర కూలిగానో. ఆడపిల్లలు కొందరు విజయనగరంలో హాస్టళ్ళలో ఉండి చదువుతున్నారు. తల్లిదండ్రులు ఇక్కడ ప్రతి ఆదివారం వారి పేర్లు చెప్పి ప్రార్థన చేయించుకొంటారు గాని, ఆ పిల్లలు ఉన్న చోటు చూసినవారు తక్కువ. ఫోనులో గొంతు వినిపిస్తుంది, ఆ గొంతు ఏ గోడల మధ్య నుండి వస్తున్నదో తెలియదు. అందుచేత ఈసారి వ్యాను మాట్లాడేటప్పుడు స్త్రీల సమాజంవారితో ముందే అనుకొన్నాము: పులి సంగతి మరో ఏడు చూసుకోవచ్చు, పిల్లలు బ్రతుకుతున్న విశాఖను చూద్దాము, తిరుగు దారిలో విజయనగరం చూద్దాము అని. పెద్దలు, పిల్లలు కలిసి ఇరవై ఒక్కరం. రాత్రి రెండు గంటలకు ప్రార్థన చేసుకొని, పులిహోర డబ్బాలు, నీళ్ళ క్యానులు పైన కట్టుకొని బయలుదేరాము.

తెల్లవారేసరికి చేపల రేవు చేరాము. విశాఖ చూడదలచినవారు మొదట ఇక్కడికే రావాలని మా అభిప్రాయం. బీచి రోడ్డు ఎప్పుడైనా ఉంటుంది, ఈ సందడి మాత్రం పొద్దెక్కితే కనిపించదు. రాత్రంతా, కొన్ని పడవలైతే పది పదిహేను రోజులు, సముద్రం మీద ఉండి వచ్చిన మరపడవలు వరుసగా ఆగి ఉంటాయి. గంపలు దిగుతుంటాయి, ఐసు ముక్కలు చల్లుతుంటారు, వేలంపాట కేకలు. వంజరం, చందువ, రొయ్య, మనిషంత పొడుగున్న సూర చేప. బేరం సాగించేది ఎక్కువగా ఆడవారే. మా స్త్రీల సమాజం పెద్దమ్మ ఒకావిడ వారి లెక్క వేగం చూసి, "మన కానుకల లెక్కకు వీళ్ళలో ఒకరుంటే బాగుండును" అన్నారు. ప్రక్కనే కొందరు వలలు బాగుచేసుకొంటూ కూర్చున్నారు. ఆదివారపు బడిలో జెబెదయి కుమారుల పాఠం విన్న పిల్లలకు వలలు బాగుచేయడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. వల అంటే ఒక పుట్టలా పడి ఉంటుంది. దానిలో చినుగు ఎక్కడుందో వెదకటమే సగం పని.

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు, చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వెళితే రేవు బోసిగా ఉంటుంది. ఇదే రేవులో 2023 నవంబరు 19 రాత్రి మంటలు చెలరేగి సుమారు 40 పడవలు కాలిపోయాయి. ఒక పడవ మీద యజమాని ఒక్కడే బ్రతకడు, వేటకు వెళ్ళే ఏడెనిమిది కుటుంబాలు ఆధారపడి ఉంటాయి.

అక్కడ నుండి పాత ఊరు దగ్గరే. ఇరుకు వీధులు, పాత పెంకుటిళ్ళు, కురుపాం రాజావారు కట్టించిన విక్టోరియా రాణి మంటపం. ఇప్పటి విశాఖ ఎత్తు మేడలు చూసివచ్చినవారికి ఇదంతా ఒక మూల పడివున్నట్లు అనిపిస్తుంది. కాని తెలుగు క్రైస్తవులు విశాఖలో తప్పక నడవవలసిన వీధులు ఇవే. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు మద్రాసు నుండి ఇక్కడికి వచ్చారు. బడి పెట్టారు, తెలుగు నేర్చుకొన్నారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ వారితో చేరిన తరువాత సువార్తలను తెలుగులోనికి మార్చే పని ఊపందుకొన్నది. వారికంటె ముందు మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మనీ దేశస్థుడు తెలుగులో లేఖనాలను వ్రాసిపెట్టాడు గాని, అవి అచ్చుకు నోచుకోలేదు. విశాఖలో మొదలైన పని అచ్చుదాకా వచ్చింది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి క్రాన్ చనిపోయి మూడేళ్ళు, డెగ్రాంజెస్ చనిపోయి రెండేళ్ళు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలో, డెగ్రాంజెస్ 1810లో విశాఖలోనే కన్నుమూశారు. ఐదేళ్ళు చెమటోడ్చిన ఇద్దరిలో ఒక్కరూ అచ్చు పుస్తకాన్ని చేత పట్టుకోలేదు. తరువాత ఇదే ఊరి మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఆ పిమ్మట ఈ ప్రాంతపు పని కెనడియన్ బాప్టిస్టువారి చేతికి వచ్చింది. ఆ చరిత్ర మా పాఠకులలో చాలమందికి ఇంటి చరిత్రే.

ఈ సంగతి మేము ఒక అరుగు మీద కూర్చొని చెబుతుంటే, ఎవరి ఇంటి అరుగో ఆ ఇంటి ముసలాయన కూడ వచ్చి విన్నాడు. మావాడు కాదు. "మా వీధిలోనా?" అని ఆశ్చర్యపోయి, అందరికీ మంచినీళ్ళు ఇప్పించాడు.

ఓడరేవు ప్రక్కన మూడు కొండగుట్టలు ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరాలయం, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ అనే మూడవదాని మీద రోమన్ కాతోలికుల మందిరం. మేము రాస్ హిల్ ఎక్కింది ఓడల దారి చూడటానికి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ అనే పెద్ద కొండ సముద్రంలోనికి ముక్కులా పొడుచుకొని ఉంటుంది. దానికీ ఊరికీ మధ్య సన్నని కాలువ, ఆ కాలువ గుండా మేడంత ఓడలు లోపలికి వస్తాయి. ఈ లోపలి రేవు 1933లో మొదలైంది. అంతకుముందు ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. కొండ గాలివానలకు అడ్డు నిలవడం వల్లనే ఇక్కడ రేవు, రేవు ఉండటం వల్లనే తక్కినవన్నీ. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అందులో తయారైన జల ఉష అనే ఓడను 1948 మార్చిలో నెహ్రూ నీటిలోనికి దింపారు. తరువాత చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, చివరకు ఉక్కు.

ఉక్కు కర్మాగారం చూడాలంటే ముందుగా అనుమతి కావాలి. మాకు లేదు. కూర్మన్నపాలెం వైపు గేటు దాకా వెళ్ళి, పొగ గొట్టాలను బయట నుండే చూశాము. సముద్రతీరాన కట్టిన పెద్ద ఉక్కు కర్మాగారాలలో మన దేశంలో ఇదే మొదటిది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జరిగిన పోరాటంలో 32 మంది కాల్పులలో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971లో శంకుస్థాపన, 1992లో పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితం చేశారు. మధ్యలో ఇరవై ఏళ్ళు! 2021లో దీనిని అమ్మివేసే నిర్ణయం వచ్చినప్పుడు కార్మికులు మళ్ళీ రోడ్డెక్కారు. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది.

ఇవి పత్రికల్లో చదివే సంగతులు. మాతో వచ్చిన సంఘపెద్ద ఒకరికి మాత్రం అది మేనమామ ఊరు. కర్మాగారం కోసం ఖాళీ చేయించిన పల్లెలలో అదొకటి. చిన్నప్పుడు వేసవి సెలవులకు అక్కడికే వెళ్ళేవారట. ఆయన గోడ వెంబడి కొంత దూరం నడిచి, ఆగి, "చింతచెట్టు ఇటో అటో ఉండాలి" అన్నారు. మేనమామ కుటుంబంలో ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఇద్దరికి రాలేదు. ఉద్యోగం వచ్చినవారి పిల్లలు ఇంజనీర్లు అయ్యారు, రానివారి పిల్లలు గాజువాకలో ఆటోలు నడుపుతున్నారు. ఆయన దీనిని ఫిర్యాదుగా చెప్పలేదు, బంధువుల క్షేమ సమాచారంగానే చెప్పారు.

మా సంఘంలో ఒక విధవరాలి కుమారుడు ఆ ప్రాంతంలోనే ఒక యార్డులో వెల్డరు. యార్డు పేరు ఎందుకు గాని, షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర నిలుచున్నాము. మూడు గంటలకు హారన్ మ్రోగింది. ఒకే రంగు దుస్తులు, తలకు టోపీలు పెట్టుకొని వందలమంది ఒక్కసారి బయటికి వస్తుంటే ఆవిడ కంగారు పడ్డారు. "ఇందులో మా గుంటడిని ఎలా పోల్చుకోను అయ్యగారూ?" అతనే ముందు చూసి పరుగెత్తుకొని వచ్చాడు. చేతుల మీద నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న మచ్చలు. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ వేలితో తాకి చూశారు. అతను నవ్వి, "ఇవేమీ కావమ్మా, అందరికీ ఉంటాయి" అన్నాడు. తరువాత గాజువాక సందులో అతని గదికి వెళ్ళాము. పది అడుగుల గది, నలుగురు, రెండు మంచాలు. పగటి షిఫ్టువాడు లేస్తే రాత్రి షిఫ్టువాడు ఆ మంచం మీదే పడుకొంటాడు. గోడకు మా సంఘం క్యాలెండరు వ్రేలాడుతున్నది. ఆవిడ ఏమీ అనలేదు. బిందె లోపలికి తొంగి చూసి, బయటికి తీసుకుపోయి చింతపండుతో తోమి నీళ్ళు పట్టి పెట్టారు. వచ్చేటప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ గాలి వచ్చిన చోటు ఇక్కడికి ఎంత దూరం?" 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర రసాయన కర్మాగారం నుండి విషవాయువు వెలువడి 12 మంది చనిపోయిన వార్త ఆవిడ మనస్సులో అలాగే ఉన్నది. అంత దగ్గర కాదని కుమారుడు చెప్పాడు. మేమూ చెప్పాము. తల్లికి ఎంత దూరమైతే చాలన్నది మాత్రం మాకు తెలియదు.

ఈ నగరానికి బ్రతకటానికి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఒకసారైనా వచ్చి ఆ గదిలో కూర్చోవాలి. అంతకుమించిన దర్శనీయ స్థలం మేము చూపలేము.

సాయంకాలం రామకృష్ణా బీచికి వచ్చాము. ఇసుక మీద నిలిపిన కురుసుర జలాంతర్గామి చూడదగినదే. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి పొంది, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. పొడవు 91 మీటర్లు. లోపల నడవాలంటే పెద్దవారు వంగాలి. ఈ గొట్టంలో 70 మందికి పైగా వారాల తరబడి సముద్రం అడుగున ఉండేవారు. స్నానానికి నీళ్ళు లేవు, పొద్దు పొడుపు లేదు. మా పిల్లలు ఊహించినట్లే యోనా పేరెత్తారు. ఒక చిన్నది "యోనా మూడు రోజులే కదా" అన్నది. మేము జవాబు వెదుక్కోవలసి వచ్చింది. ఎదుటనే 2017లో తెరిచిన టి.యు.142 యుద్ధ విమానం, కొంచెం ఎడంగా 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్తూపం. సోమవారం జలాంతర్గామి మూసి ఉంటుంది, చూసుకొని రండి.

ఒక హెచ్చరిక. ఈ బీచిలో సముద్రం చూడటానికే గాని దిగటానికి కాదు. ఒడ్డుకు దగ్గరలోనే లోతు, అలలు వెనక్కి లాగుతాయి. చెరువులో ఈత వచ్చిన మన పల్లె కుర్రవాళ్ళే ధైర్యంగా దిగుతారు, ప్రాణాలు పోయేదీ వారివే. మేము యౌవనస్థులను చీలమండలు తడిసే వరకే వదిలాము. ముఖాలు మాడ్చుకొన్నారు. పరవాలేదు.

రాత్రి ఒక సంఘంవారు తమ హాలు తెరిచి ఇచ్చారు. మరునాడు తీరం వెంట భీమిలి దారి పట్టాము. ఋషికొండ, తొట్లకొండ మీది బౌద్ధుల ఇటుక కట్టడాలు దాటితే భీమునిపట్నం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వ్యాపారం చేశారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, రాతి పలకల మీద చెక్కిన అక్షరాలు కొన్ని చదవవచ్చు. లోపలికి మళ్ళితే తగరపువలస ప్రక్కనే చిట్టివలస. ఇక్కడి గోనె సంచుల మిల్లు మా తాతల నాటి నుండి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. 2009లో మూతబడింది. గేటు ఉన్నది, గొట్టం ఉన్నది, హారన్ లేదు. నిన్న మ్రోగిన హారన్ విని వచ్చిన మేము ఈ గేటు ముందు కొంచెం సేపు ఆగాము. మా వెల్డరు తల్లి వ్యాను దిగలేదు.

మధ్యాహ్నానికి విజయనగరం. ఇక్కడ సముద్రం లేదు, కొండ మీద రైలు లేదు. చదువే ఇక్కడి ఐశ్వర్యం. 1713లో కట్టిన కోట చుట్టూ నాలుగు బురుజులు, బయట 1885 నాటి ఘంటస్తంభం. రాజులు ఏనుగులెక్కి తిరిగిన కోట లోపల ఇప్పుడు విద్యార్థులు సైకిళ్ళు, స్కూటర్లు నిలుపుకొంటున్నారు. 1958లో పి.వి.జి. రాజుగారు మాన్సాస్ ట్రస్టు ఏర్పరచి విద్యాసంస్థలను దానికి అప్పగించారు. మహారాజా కళాశాల 1879 నాటిది. గురజాడ అప్పారావుగారు అందులోనే చదివి, అందులోనే పాఠం చెప్పారు. ఆయన ఇల్లు కూడ చూడవచ్చు. కన్యాశుల్కం నాటకం 1892లో మొదట ఆడింది ఈ ఊరిలోనే. ఆడపిల్లను డబ్బుకు ముసలివానికి కట్టబెట్టే దురాచారం మీద ఎత్తిన కత్తి అది. ఇప్పుడు డబ్బు ఎదురు దిక్కుగా నడుస్తున్నది గాని, ఆడపిల్ల సంగతి అంతగా మారిందా అని మాలో మేము అనుకొన్నాము.

మేము ఎక్కువసేపు ఉన్నది సంగీత కళాశాల దగ్గర. 1919లో విజయరామ గజపతి మహారాజు దీనిని స్థాపించడానికి కారణం ఒక అంధ బాలుడంటారు. కొలువులో పనిచేసే ఒకరి కుమారునికి చూపు లేదు, సంగీతం నేర్చుకోవాలని కోరిక. ఆ ఒక్కని కోసం గురువును పెట్టడానికి బదులు రాజుగారు కళాశాలే పెట్టారట. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. ఘంటసాల కృష్ణా జిల్లా ప్రాంతం నుండి చేతిలో డబ్బు లేకుండా ఇక్కడికి వచ్చి, జోలె పట్టి ఇంటింటా అన్నం అడుక్కొని చదువుకొన్నాడు. పి. సుశీల ఈ ఊరి ఆడపడుచే, ఈ కళాశాల విద్యార్థినే. మేము వెళ్ళిన వేళ లోపల ఎవరో పిల్లలు సరళీ స్వరాలు సాధన చేస్తున్నారు. కిటికీ ప్రక్కన వేపచెట్టు నీడలో మా సంఘమంతా నిలబడి విన్నది. మా క్వయిరు పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండటం మేము మందిరంలో కూడ చూడలేదు.

ఘంటసాల సంగతి విని అడ్డు ప్రశ్నలు వేసినాయన ఒకరున్నారు. ఆయన కుమార్తె ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో ప్యాసయింది. విజయనగరంలో డిగ్రీ చదవాలని ఆ పిల్ల కోరిక, వేసవిలో సంబంధం ఖాయం చేయాలని తండ్రి ఆలోచన. ఈ విషయమై మేము రెండుసార్లు వారి ఇంటికి వెళ్ళి మాట్లాడి, ఫలితం లేక వచ్చాము. "మగపిల్లవాడు కాబట్టి అడుక్కొని చదివాడు, ఆడపిల్ల ఏం చేస్తుంది?" అన్నారు. మా ఇంటివారు వెంటనే, "ఆడపిల్ల అడుక్కోనక్కరలేదు అన్నయ్యా, హాస్టలు ఉన్నది, రండి చూద్దాం" అన్నారు.

ప్రభుత్వ బాలికల హాస్టలు గేటు దగ్గర ఆయన చెప్పులు విడిచి నిలుచున్నారు. మగవారికి లోపలికి ప్రవేశం లేదు. తల్లి, కూతురు, మా ఇంటివారు లోపలికి వెళ్ళివచ్చేవరకు ఆయన కాపలా మనిషిని అడుగుతూనే ఉన్నారు. గేటు ఎన్ని గంటలకు వేస్తారు? గదికి ఎందరు? జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఆదివారం ఆరాధనకు పంపుతారా? దరఖాస్తు ఎప్పటిలోగా పెట్టాలి? కాపలా మనిషి విసుక్కోకుండా చెప్పాడు, అతనికీ ఇద్దరు ఆడపిల్లలట. చివరి జవాబుకు ఆయన మా దగ్గర పెన్ను అడిగి తీసుకొని, అరచేతిలో తేదీ వ్రాసుకొన్నారు. ఆ పిల్ల అది చూసింది. వ్యాను గజపతినగరం దాటేవరకు ఏమీ మాట్లాడలేదు.